బతుకమ్మ ఆట - చెరువు మాట



ఇవాళ మనం ఒక ఆట గురించి ముచ్చటించుకుందాం. అది మన వాకిళ్ళలో, గుడి ముందర, చెరువు కట్ట మీద ఏటేటా ఆడే బతుకమ్మ ఆట. బతుకమ్మను పండుగ అంటాం, పూజ అంటాం. కాని మన ఓరుగల్లు ఆడవాళ్ళ నోట వచ్చే మాటను ఒక్కసారి గమనించండి. వరలక్ష్మీ వ్రతం "చేసుకున్నాం" అంటాం, సత్యనారాయణస్వామి కథ "చెప్పించుకున్నాం" అంటాం. బతుకమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆడినం" అంటాం. అంటే ఇది ఆడి చూపించే సంగతి అన్నమాట. మరి ఏం చూపిస్తున్నాం? ఎవరికి చూపిస్తున్నాం? నా మాటల్లో అసలు విషయం అదే.

పడమటి దేశాల్లో 1960ల తర్వాత ఒక కొత్త రకం కళ బాగా పేరుకెక్కింది. దాన్ని ప్రదర్శన కళ అంటున్నారు. బొమ్మ గీసి గోడకు తగిలించడం కాకుండా, కళాకారులు తామే పదిమంది ముందు ఒక పని చేసి చూపిస్తారు. ఆ పనే కళ. అందులో ఒక పాయ, మనిషి నేలకూ నీటికీ చెట్టుకూ ఏం చేస్తున్నాడో చూపెట్టే పాయ. 1982లో ఆగ్నెస్ డెనిస్ అనే ఆవిడ న్యూయార్కు నగరంలో, ఆకాశాన్నంటే మేడల పక్కన మట్టీ రాళ్ళూ పోసి పూడ్చిన జాగాలో రెండెకరాల గోధుమ చేను వేసి, పండించి, కోసి చూపించింది. కోట్లు పలికే ఆ నేల మీద తిండిగింజ మొలిస్తే చూసినవాళ్ళు ఆగి ఆలోచించారు. అదే ఏడాది జర్మనీలో కాసెల్ అనే ఊళ్ళో జోసెఫ్ బాయిస్ ఏడువేల ఓక్ చెట్లు నాటే పని మొదలుపెట్టాడు, ఒక్కో చెట్టు పక్కన ఒక్కో రాయి పాతుతూ. ఆయన 1986లో పోయాడు. చివరి చెట్టును 1987లో ఆయన కొడుకు నాటాడు.

ఇవన్నీ మెచ్చుకోదగ్గ పనులే. కాని అలాంటిది మన దగ్గర లేదా అంటే, ఉంది. పేరున్న కళాకారిణి ఎవరూ లేకుండా, టిక్కెట్టు లేకుండా, వేలమంది ఆడవాళ్ళు కలిసి ఆడేది ఉంది. పైగా అది ఒక్క ఏడాదితో అయిపోయేది కాదు.

బతుకమ్మకు సంబంధించి మనం వాడే మాటలు మూడు. పేర్చడం, ఆడటం, సాగనంపడం. పేర్చడానికి పువ్వు కావాలి. అది చేను నుంచి, బీడు నుంచి, గుట్ట మీద నుంచి రావాలి. ఆడటానికి వాకిలి కావాలి, ఇరుగుపొరుగు కావాలి. సాగనంపడానికి నీళ్ళు కావాలి, అంటే చెరువు కావాలి. ఈ మూడింటిలో ఏది చెడినా ఆట కుంటుపడుతుంది. కనుక బతుకమ్మ ఆడిన ప్రతి ఏడాదీ, తెలిసో తెలియకో, మనం ఊరి చేనునూ చెరువునూ తనిఖీ చేస్తున్నట్టే లెక్క.

ముందుగా చెరువు సంగతి చూద్దాం. చెరువును మనం ప్రకృతిలో భాగం అనుకుంటాం. నిజానికి మన చెరువులు దేవుడు పెట్టినవి కావు, మనిషి చేసినవి. ఓరుగల్లు పక్క నుంచి గోదావరి లాంటి పెద్ద నది పారదు. నేల ఎగుడుదిగుడు, వాన నాలుగు నెలలు. ఆ వానను ఆపుకోకపోతే బతుకు లేదు. రెండు గుట్టల నడుమ కట్ట పోసి, నీళ్ళు పొలానికి వదలడానికి తూము పెట్టి, ఎక్కువైన నీళ్ళు పొర్లిపోవడానికి మత్తడి కట్టి, ఆ మత్తడి నీళ్ళు దిగువ చెరువుకు చేరేట్టు వాగును మళ్ళించారు. ఇట్లా ఒకదాని కింద ఒకటి ఉన్నవాటిని గొలుసుకట్టు చెరువులు అంటాం. నేల వాలును చదివినవాళ్ళు చేసిన పని అది.

కాకతీయుల కాలంలో ఈ పని ఉచ్చస్థితికి చేరింది. హనుమకొండలో వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. పాకాల చెరువు ఆయన కాలానిదే. పాలంపేటలో రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు కట్టించి, 1213లో శాసనం వేయించాడు. ఆ గుడి పక్కనే రామప్ప చెరువు. గుడి కట్టినచోట చెరువు, చెరువు తవ్వినచోట ఊరు. ఇదీ వారి పద్ధతి. సప్తసంతానాల్లో చెరువు తవ్వించడం కూడా ఒకటని పెద్దలు చెప్పారు. అంటే చెరువు కడుపున పుట్టిన బిడ్డతో సమానం. బిడ్డను కన్నాక వదిలెయ్యం కదా, పెంచుతాం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ రోజుల్లోనే ఆటకూ గౌరవం దక్కింది. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో "నృత్తరత్నావళి" రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ గ్రంథంలో సగం మార్గ నృత్యానికి, సగం దేశి నృత్యానికి కేటాయించాడు. దేశి అంటే ఆయా ప్రాంతాల్లో జనం ఆడుకునేవి. ఏనుగుల దళాన్ని నడిపే సేనాపతి జనం అడుగులను కూర్చుని లెక్కగట్టాడంటే ఆ కాలపు మనుషులు ఆటను ఎంత పెద్ద విషయంగా చూశారో తెలుస్తుంది. రామప్ప గుడి రాళ్ళ మీద ఆడుతున్న ఆడవాళ్ళ శిల్పాలు ఇప్పటికీ చూడొచ్చు. ఆ గుడికి 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

ఇక పువ్వు సంగతి. బతుకమ్మకు ముందు బొడ్డెమ్మ వస్తుంది. పెళ్ళికాని పిల్లలు మట్టితో గద్దెలు గద్దెలుగా బొడ్డెమ్మను చేసి ఆడతారు. భాద్రపద అమావాస్య, మనం పెత్రమాస అంటాం, ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మతో తొమ్మిదిరోజుల ఆట మొదలై, దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. మట్టితో మొదలై, పువ్వు దాకా వచ్చి, నీళ్ళలో కలిసిపోవడం. వానాకాలం చివర నేల చేసే పని కూడా అదే కదా! నడుమ ఆరోరోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. దానికి కథలు ఏవేవో చెప్తారు గాని, తెంపే చేతులకు, తెగే పువ్వుకు ఒకరోజు విశ్రాంతి అని నాకనిపిస్తుంది.

ఏ పూలు వాడతాం? తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి, బీర, కట్ల. గుళ్ళో దేవుడికి పెట్టే మల్లె, తామరలతో పోలిస్తే ఇవి పేద పూలు. తంగేడును ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. బీళ్ళలో, బాట పక్కన, కట్టల మీద అదే పూస్తుంది. దాని బెరడు తోళ్ళు ఊనడానికి పనికొస్తుంది. గునుగైతే చేలో కలుపు మొక్క. రైతు పీకి పారేసేదాన్ని ఇల్లాలు తెచ్చి తాంబాళంలో పేర్చి నెత్తిన పెట్టుకుంటుంది. మనిషికి పనికిరాని మొక్క లేదని, కలుపుకు కూడా భూమ్మీద వాటా ఉందని ఇంతకంటే అందంగా ఎవరు చెప్పగలరు? 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మను రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. మంచి గౌరవమే.

అయితే గౌరవం వచ్చిన రోజుల్లోనే పువ్వు దొరకడం కష్టమైంది. ఇదివరకు పొద్దున్నే పిల్లలు, మగవాళ్ళు గంపలు పట్టుకుని ఊరి చివరకు పోయి గునుగు కోసుకొచ్చేవారు. ఇప్పుడు పట్నంలో బజారుకు పోయి కట్టల లెక్కన కొంటున్నాం. బీడు ప్లాటయింది. జొన్న, కంది చేలు పోయి పత్తి వచ్చింది. కలుపు తీసే కూలి బదులు గడ్డి మందు వచ్చింది. ఆ మందుకు గునుగు అంటే ఏమిటో, బతుకమ్మ అంటే ఏమిటో తెలియదు. పత్తి మన జిల్లాకు తెచ్చిన దుఃఖం చిన్నది కాదు. 1997-98లో పురుగు పట్టి పైరు పోయి, అప్పులు తీరక మన వరంగల్లు జిల్లా రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ ఏడు బతుకమ్మ పేర్చారో లేదో చరిత్ర పుస్తకాలు రాయవు. పాటలకు మాత్రం తెలుసు. మన బతుకమ్మ పాటల్లో పురాణాలే కాదు, కరువులూ వరదలూ అత్తింటి కష్టాలూ ఊళ్ళో జరిగిన చావులూ అన్నీ ఉంటాయి. ఒకామె చరణం అందుకుంటే మిగతావాళ్ళు మకుటం పలుకుతారు. అట్లా ఊరి వార్త ఊరంతటి నోటికీ వస్తుంది.

ఇప్పుడు మళ్ళీ చెరువు దగ్గరికి వద్దాం. చెరువు కట్టడం ఒకనాటి పని, కాపాడటం ఏనాటికీ ఉండే పని. ఏటా వానతో పాటు మట్టి వచ్చి అడుగున పేరుకుంటుంది. దాన్ని తియ్యాలి. కట్ట మీద చెట్లు మొలిస్తే వేళ్ళు కట్టను చీలుస్తాయి, కొట్టెయ్యాలి. తూము సరిచెయ్యాలి. మత్తడి దారి మూసుకుపోకుండా చూడాలి. ఇందుకు ఊళ్ళలో నీరటివాళ్ళు ఉండేవారు. పూడిక మట్టిని రైతులు బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. చేనుకు ఎరువు, చెరువుకు లోతు. కరెంటు మోటార్లు, బోరుబావులు వచ్చాక ఎవరి నీళ్ళు వారివయ్యాయి. చెరువు అందరిదీ కనుక ఎవరిదీ కాకుండా పోయింది. ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడే శిఖం భూమి మీద ముందు పంటలు, తర్వాత గుడిసెలు, ఆ తర్వాత మేడలు లేచాయి.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించింది. చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించాడు. కట్ట లోంచి నీరు కారడం, నేల చవుడు కావడం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీళ్ళు తక్కువై పొలం ఎక్కువ కావడం వంటివి ఆ దోషాలు. చెరువు కడుపులోనే ఇళ్ళు కట్టుకోవడం అనే ఏడో దోషం ఆయన రాయలేదు. అంత పని మనుషులు చేస్తారని ఆయనకు తోచి ఉండదు.

కట్టను పట్టించుకోకపోతే ఏమవుతుందో మన జానపద కథలకు బాగా తెలుసు. అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు ముసలమ్మ అనే ఆ ఊరి కోడలు ప్రాణం ఇచ్చి కట్టను నిలిపిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1899లో దాన్ని "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా రాశారు. ఇలా చెరువుకు ఆడకూతుర్ని బలి ఇచ్చిన కథలు చాలా ఊళ్ళలో వింటాం. ఆమె త్యాగానికి కన్నీళ్ళు పెట్టుకుంటాం. మంచిదే. కాని నేను ఇంకోమాట కూడా అడగాలనుకుంటున్నా. వాన రాకముందు ఆ కట్టకు నాలుగు గంపల మట్టి ఎవరూ ఎందుకు పొయ్యలేదు? మరమ్మతు మరిచిన ఊరు చివరి నిమిషంలో కోడలి ప్రాణం అడిగింది. కథలో దేవత అడిగిందని అన్నారు గాని, అడిగింది మన అశ్రద్ధే.

ఇది పాతకథ అనుకోవద్దు. 2020 ఆగస్టులో కురిసిన వానలకు మన పట్నంలో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు పోయే నాలాల మీద కట్టడాలు లేచిన సంగతి అప్పుడు అందరికీ కనబడింది. 2023 జూలై చివర, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి ఊరు తెల్లారేసరికి వాగు పాలయింది, జనం చెట్లూ డాబాలూ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వెంటనే జూలై 29న భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. అంతటి వాన ఎవరూ ఆపలేరు, నిజమే. కాని చెరువుకు లోతు ఉండి, మత్తడికి దారి ఉండి ఉంటే ఆ నీళ్ళు మనుషుల ఇళ్ళను వెతుక్కుంటూ వచ్చేవి కావు. నీటికి పాత బాట గుర్తుంటుంది. మరిచేది మనమే.

మేలు పనులూ జరిగాయి, అవి చెప్పకపోతే తప్పు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను, కుంటలను దశలవారీగా బాగుచేసే పని మొదలైంది. పూడిక మట్టి మళ్ళీ పొలాలకెక్కింది. 2024 నవంబరులో పూడికతీత కోసం భద్రకాళి చెరువు నీళ్ళు వదిలారు. చెరువు ఖాళీ కావడంతో దశాబ్దాలుగా మనం అందులోకి వదిలినదంతా కంటికి కనిపించింది. ఇంటి ఆడవాళ్ళకు కొత్త విషయం కాదిది. అటక దులిపినప్పుడు తెలుస్తుంది ఇన్నాళ్ళూ ఏం దాచామో!

ఇక్కడ ఇంకో కళాకారిణి గురించి చెప్పాలి. అమెరికాలో మియర్లీ లేడర్మన్ యూకిలిస్ అనే ఆవిడ 1968లో తల్లి అయింది. బిడ్డను చూసుకోవడం, ఊడ్చడం, కడగడంతోనే రోజంతా పోతుంటే, 1969లో ఆవిడ ఒక ప్రకటన రాసింది. కొత్తది సృష్టించడమే కళ అంటున్నారు, ఉన్నదాన్ని కాపాడుతూ రావడం కూడా కళే అని దాని సారాంశం. 1973లో ఒక పెద్ద మ్యూజియం మెట్లను మోకాళ్ళ మీద కూర్చుని గంటల తరబడి కడిగి చూపించింది. 1979-80లో న్యూయార్కు పారిశుధ్య కార్మికులు సుమారు 8,500 మందిలో ఒక్కొక్కరితో చెయ్యి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పుకుంది. బతికించడం! మన అమ్మవారి పేరులో ఉన్నమాట కూడా అదే కదా. గుడి కట్టినవాడి పేరు శాసనంలో ఉంటుంది. ఎనిమిది వందల ఏళ్ళపాటు తూము సర్దినవాడి పేరు, పూడిక గంప మోసిన ఆమె పేరు ఏ రాతి మీదా లేవు. ఆ గంపలే లేకుంటే రాజుగారి చెరువు ఎప్పుడో మాగాణంలో కలిసిపోయేది.

అందుకే బతుకమ్మ ఆటను నేను కృతజ్ఞతగానే కాక లెక్క అప్పజెప్పడంగా కూడా చూస్తాను. ఏడాది పొడవునా నీ నీళ్ళు తాగాం, నీ మట్టిలో పండించుకున్నాం, ఇదిగో నీ పువ్వులు నీకే తెచ్చాం అని చెరువు ముందు నిలబడటం. మరి ఆ నిలబడేచోట మురుగు వాసన కొడితే మన లెక్క తప్పినట్టు. నీళ్ళు అందక ట్యాంకరుతో గుంత నింపి సాగనంపితే లెక్క తప్పినట్టు. తంగేడు లేక కాగితం పూలతో పేరిస్తే లెక్క తప్పినట్టు. ఆ ముగ్గురు కళాకారులు చూసేవాళ్ళ కళ్ళు తెరిపించాలని పని చేశారు. మన ఆటలో చూసేవాళ్ళూ ఆడేవాళ్ళూ మనమే. కళ్ళు మూసుకుని ఆడితే ఎవరు తెరిపిస్తారు?

ఈ పూలు నీటిని శుభ్రం చేస్తాయని మన పెద్దలు అంటారు. కొలతకు లోబడి వేసినప్పటి మాట అది. వేలాది బతుకమ్మలు ఒకే మూల కుప్పపడి కుళ్ళితే నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలకు కష్టం. థర్మాకోలు, ప్లాస్టిక్ పళ్ళాలు, గునుగుకు అద్దే రసాయనపు రంగులు నీటికి కీడే. సాగనంపిన మర్నాడు పూలు ఏరి ఎరువు గుంటకు చేర్చడం కూడా ఆటలో భాగమే అనుకోవాలి.

చివరగా మూడు మాటలు. ఒకటి, మీ చెరువు పేరు, దాని తూములెన్ని, మత్తడి నీళ్ళు ఎటుపోతాయి అన్నది ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకోండి. రెండు, కట్ట వాలు మీద కాకుండా పక్కనున్న ఖాళీ జాగాలో తంగేడును బతకనివ్వండి, చేను గట్టున కాస్త గునుగును మిగలనివ్వండి. మూడు, పాట వచ్చిన అక్కలు మీ చెరువు మీద ఒక పాట కట్టండి. కట్ట ఎవరు పోశారు, ఎక్కడ గండి పడింది, శిఖంలో ఏం లేచింది, అన్నీ పేరుపేరునా పాటలో పెట్టండి. కాగితం మీద రాసిన అర్జీ ఏదో ఒక బీరువాలో పడి ఉండొచ్చు. వందమంది ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ పాడిన మాటను బీరువాలో పెట్టడం ఎవరి తరమూ కాదు.